316ఎల్ ఘనాలు: మొదటి బిల్డ్ ప్లేట్ ఎక్కడ చెడుతుంది

మెటల్ త్రీడీ ప్రింటింగ్ (ప్లేట్ మీద లోహపు పౌడర్ పలుచగా పరిచి, లేజర్‌తో కరిగిస్తూ పొర మీద పొర కట్టే పద్ధతి) మీద పీహెచ్‌డీలో చేరినవాళ్లకి గైడు అప్పజెప్పే తొలి పని చాలాచోట్ల ఒకటే. ప్లేట్ మీద పది మిల్లీమీటర్ల ఘనాలు ఓ ఇరవై ముప్పై వేసి, లేజర్ పవర్, స్పీడ్ మారుస్తూ ఏ సెట్టింగులో సాంద్రత బాగా వచ్చిందో తేల్చమంటారు. పౌడర్ మెటలర్జీకని (లోహపు పొడితో వస్తువులు చేసే విద్య) ప్రత్యేకంగా ఏఆర్‌సీఐ అనే పరిశోధనా కేంద్రం ఉన్న ఊరు హైదరాబాద్. రక్షణ శాఖ లోహాల ల్యాబ్ డీఎంఆర్‌ఎల్, ప్రత్యేక లోహాలు తయారుచేసే మిధాని కూడా అక్కడే. కాబట్టి ఈ పనిలోకి దిగే తెలుగు పిల్లలు తక్కువేం లేరు. ఈ పోస్టు వాళ్ల కోసమే. లోహం 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీల్ అనుకుందాం. టైటానియం, అల్యూమినియం పౌడర్ల కంటే అది నెమ్మదస్తురాలు, చేయి తిరగడానికి మంచిది.

మొదటి ఏడాది డేటా పనికిరాకుండా పోయిందంటే తప్పు లేజర్‌ది కావడం అరుదు. లేజర్ ముట్టకముందు పౌడర్ దగ్గరో, ఘనాల్ని ప్లేట్ మీద పేర్చే దగ్గరో, ముట్టాక కోత, తూకం దగ్గరో చెడుతుంది. పారామీటర్ల ఎక్సెల్ షీటు మాత్రం అందరి దగ్గరా అందంగానే ఉంటుంది.

ఆ షీటులో చివరి కాలమ్ శక్తి సాంద్రత. పవర్‌ని స్పీడ్, హ్యాచ్ దూరం (పక్కపక్క లేజర్ గీతల మధ్య దూరం), పొర మందం గుణించగా వచ్చినదాంతో భాగిస్తారు. 200 వాట్లు, సెకనుకు 800 మి.మీ., హ్యాచ్ 0.1 మి.మీ., పొర 0.03 మి.మీ. అయితే ఘన మిల్లీమీటరుకు 83 జౌళ్లు. పవర్ 400 వాట్లు చేసి స్పీడ్ 1600 చేసినా అదే 83, 100 వాట్లకి 400 పెట్టినా అదే 83. కానీ ఈ మూడు ఘనాలనీ కోసి చూస్తే ఒకేలా ఉండవు. కరిగిన మడుగు లోతు పవర్‌తో నేరుగా పెరుగుతుంది, స్పీడ్ పెంచితే మాత్రం సుమారుగా దాని వర్గమూలం మేరకే తగ్గుతుంది. అందుకే 400 వాట్ల ఘనం కీహోల్ (లేజర్ లోహాన్ని ఆవిరి చేసి లోతుగా గుంట తవ్వే స్థితి) వైపు జరుగుతుంది, అడుగున గుండ్రటి రంధ్రాలు మిగులుతాయి. 100 వాట్లది పైపైనే కరిగి, పొరల మధ్య అతుకు సరిపోక, వంకరటింకర ఖాళీలు వదులుతుంది. శక్తి సాంద్రతని అడ్డం అక్షం మీద పెట్టి, నిలువున సాంద్రత చుక్కలు పెట్టి, వాటి మధ్యగా ఒక వంపు గీసే గ్రాఫు ఇంకా ఎన్నో పేపర్లలో కనిపిస్తూనే ఉంది. మీరు మాత్రం పవర్, స్పీడ్ రెండు అక్షాలుగా పెట్టి మ్యాప్ గీయండి. రంధ్రం ఏ రకమో రంగుతో చూపించండి. రివ్యూయర్ అడిగే మొదటి ప్రశ్నకి జవాబు అందులోనే దొరుకుతుంది.

ఇంకోటి. ఫార్ములాలో రాసే 30 మైక్రాన్లు ప్లాట్‌ఫాం దిగే దూరమే కానీ, లేజర్ కింద నిజంగా ఉండే పౌడర్ మందం కాదు. పరిచిన పౌడర్‌లో సగానికి కాస్త ఎక్కువే లోహం, మిగతాది ఖాళీ. కరిగాక అది కుంగుతుంది. కొన్ని పొరలు గడిచేసరికి ఒక్కో పొరకి పరిచే మందం 30ని ప్యాకింగ్ నిష్పత్తితో భాగించినంతకి చేరుతుంది. 55 శాతం ప్యాకింగ్ అయితే దాదాపు 55 మైక్రాన్లు. అందుకే ఒక్క పొర వేసి చూసిన సింగిల్ ట్రాక్ (లేజర్ ఒకే గీత) ఫలితాల్ని ఘనాలకి ఉన్నపళంగా అంటగట్టకూడదు.

పౌడర్ సంగతికి వద్దాం. ఈ పద్ధతికి సాధారణంగా 15 నుంచి 45 మైక్రాన్ల సైజు కొంటారు. డబ్బాతో వచ్చే సర్టిఫికెట్ డబ్బా మూత తీసే వరకే. మన వానాకాలంలో మూత తీసి గంటసేపు వదిలేస్తే అది తేమ పీల్చుకుంటుంది. తడి తగిలిన ముగ్గుపిండి వేళ్ల సందున ఎలా ఇరుక్కుంటుందో రీకోటర్ (పౌడర్‌ని పొరగా పరిచే బ్లేడు) ముందు ఇదీ అలాగే గుంపులు కడుతుంది, పొర మీద గీతలు పడతాయి. వేసే ముందు 80 డిగ్రీల దగ్గర వ్యాక్యూమ్ ఒవెన్‌లో కొన్ని గంటలు ఆరబెట్టండి. ఆరాక హాల్ గరాటులో (పౌడర్ ఎంత సాఫీగా జారుతుందో చూసే గరాటు) 50 గ్రాములు పోసి, రెండున్నర మిల్లీమీటర్ల రంధ్రం గుండా ఎన్ని సెకన్లలో దిగుతుందో చూడండి. గరాటు అంచుని తట్టకుండా దిగకపోతే ఆ పౌడర్‌తో ఆరోజు ప్లేట్ పెట్టకండి. జాబ్ అయ్యాక మిగిలినదాన్ని 63 మైక్రాన్ల జల్లెడ పట్టి, ఇది ఎన్నోసారి వాడిన పౌడరో డబ్బా మీద రాయండి. ప్రతి జాబ్‌కీ ముందు ఓ 50 గ్రాములు చిన్న సీసాలో తీసి దాచండి. రెండేళ్ల తర్వాత ఆక్సిజన్ ఎంత ఉందని ఎవరైనా అడిగితే ఆ సీసాయే దిక్కు.

చాంబర్‌లో ఆక్సిజన్ 0.1 శాతం లోపు దిగాకే లేజర్ ముట్టాలి. 316ఎల్‌కి నైట్రోజన్ కూడా నడుస్తుంది. అదే అలవాటుతో రేపు టైటానియంకి నైట్రోజన్ పెట్టకండి, ఆ వేడిలో టైటానియం నైట్రోజన్‌తోనూ కలుస్తుంది. టైటానియంకి ఆర్గానే వాడండి.

ప్లేట్ మీద ఘనాల్ని ఎక్కడ పెడుతున్నామన్నది అందరూ తేలిగ్గా తీసుకునే విషయం, నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ డేటాని పాడుచేసేదీ ఇదే. చాంబర్‌లో గ్యాస్ ఒక వైపు నుంచి ఇంకో వైపుకి వీస్తుంది. లేజర్ దెబ్బకి ఎగిరిన స్పాటర్ (కరిగిన లోహపు తుంపరలు), నల్లటి పొగ ఆ గాలి పోయే వైపున్న ఘనాల మీద పడతాయి. పవర్‌ని ఎడమ నుంచి కుడికి పెంచుకుంటూ వరసగా పేర్చారనుకోండి. సాంద్రత పడిపోయింది పవర్ వల్లా, స్పాటర్ వల్లా అన్నది ఇక ఎవరూ చెప్పలేరు. కాబట్టి చీటీలు తీసినట్టు చెల్లాచెదురుగా పెట్టండి. ఒకే సెట్టింగు ఘనాన్ని నాలుగు మూలలా, మధ్యలో ఒకటీ పెట్టండి. ఆ అయిదింటి మధ్య తేడా ఎంతుందో, అంతకన్నా చిన్న తేడాని పారామీటర్ ప్రభావం అని రాయకూడదు. లేజర్‌కి పని వరస కూడా గాలికి ఎదురుగా ఇవ్వాలి. గాలి పోయే వైపున్న ఘనం ముందు కరగాలి, గాలి వచ్చే వైపుది చివర కరగాలి. చదరపు అంచు రీకోటర్ బ్లేడుకి ఎదురుగా నిండుగా తగలకుండా ప్రతి ఘనాన్నీ అయిదు నుంచి పది డిగ్రీలు తిప్పి పెట్టండి. పొరపొరకీ స్కాన్ దిశ 67 డిగ్రీలు తిప్పడం చాలా మెషిన్లలో ముందే ఉంటుంది. ఉందో లేదో మాత్రం చూసుకోండి.

మెషిన్ నడిపే అన్నని అడిగితే తెలిసే సంగతులు ఏ మాన్యువల్‌లోనూ ఉండవు. ఫిల్టర్ ఎప్పుడు మార్చారు, రీకోటర్ బ్లేడు రబ్బరా స్టీలా, కిందటి జాబ్‌లో ఏ లోహం పోశారు, ఈ మూడూ జాబ్ షీటులో రాయించుకోండి. లోహం మార్చినప్పుడు చాంబర్ మూలల్లో పాత పౌడర్ రేణువులు మిగిలితే, ఈడీఎస్‌లో (మూలకాల్ని గుర్తించే ఎక్స్‌రే పరీక్ష) అర్థంకాని మూలకం కనిపించి నెలరోజులు తలపట్టుకోవాల్సి వస్తుంది.

ఘనం మీద నంబరు డిజైన్‌లోనే చెక్కేయండి. మార్కర్‌తో రాసినది వైర్ ఈడీఎం (విద్యుత్ స్పార్కులతో తీగ కోసే మెషిన్) నీళ్లలో కొట్టుకుపోతుంది, అప్పుడు ఇరవై అయిదు ఘనాలూ కవలపిల్లలే. ఈడీఎం కోతకి కింద మూడు నాలుగు మిల్లీమీటర్లు అదనంగా వదలండి. చిన్న ఘనాలకి పర్లేదు కానీ, పొడుగ్గా పడుకోబెట్టి వేసిన తన్యత నమూనాల్ని (లాగి బలం చూసే ముక్కలు) ప్లేట్ నుంచి విడదీయక ముందే స్ట్రెస్ రిలీఫ్ (లోపలి ఒత్తిళ్లు పోయేలా వేడిచేయడం) చేయించాలి. కోశాక చేస్తే లాభం లేదు, అప్పటికే అవి పైకి వంగిపోయి ఉంటాయి. 316ఎల్‌ని 650 నుంచి 900 డిగ్రీల మధ్య గంటలకొద్దీ వదిలేస్తే సిగ్మా ఫేజ్ అనే గట్టి, పెళుసు పదార్థం లోపల ఏర్పడి పెళుసుదనం తెస్తుంది. వెయ్యి డిగ్రీలు దాటిస్తే ప్రింటింగ్‌లో ఏర్పడిన సన్నటి సెల్ నిర్మాణమే (లోహం లోపలి చిన్న గదుల అల్లిక) చెరిగిపోతుంది. ఏది కావాలో ముందే తేల్చుకోండి.

ఇప్పుడు తూకం. ఆర్కిమెడీస్ పద్ధతి చూడ్డానికి ఎనిమిదో తరగతి ప్రయోగం. అయినా ఇక్కడా తప్పులు తక్కువేం కాదు. ఒక ఘనం గాలిలో 7.5240 గ్రాములు, నీళ్లలో 6.5716 గ్రాములు తూగిందనుకుందాం. తేడా 0.9524. మొదటిదాన్ని తేడాతో భాగిస్తే 7.900. దీన్ని నీటి సాంద్రతతో గుణించాలి. ల్యాబులో నీళ్లు 30 డిగ్రీలుంటే 0.9957, అంటే ఘనం సాంద్రత 7.866. థర్మామీటర్ ముంచకుండా పుస్తకంలోని 25 డిగ్రీల విలువ 0.9970 వేసేస్తే 7.876. తేడా 0.13 శాతం. మీరు వెతుకుతున్నదేమో 99.5కీ 99.7కీ మధ్య తేడా!

అక్కడితో అయిపోలేదు. పూర్తి సాంద్రత ఎంతని పెట్టుకున్నారు? 7.99 తీసుకుంటే ఈ ఘనం 98.4 శాతం. 7.92 తీసుకుంటే 99.3 శాతం. ఘనం అదే, తూకం అదే. 316ఎల్ కూర్పులో నికెల్, మాలిబ్డినం పరిమితుల మధ్య ఎటు జరిగినా ఈ విలువ మారుతుంది. పౌడర్‌ని హీలియం పిక్నోమీటర్‌లో (గ్యాస్‌తో ఘనపరిమాణం తేల్చే పరికరం) కొలవడం ఒక దారి, రేణువుల లోపల మూసుకుపోయిన గ్యాస్ బుడగలు దాన్ని కాస్త తగ్గించి చూపిస్తాయని గుర్తుంచుకుంటే చాలు. ఏది వాడినా పేపర్‌లో ఆ అంకె రాయండి. అది రాయకుండా 99.8 శాతం అని రాస్తే దానికి అర్థం లేదు.

నీళ్లలో ముంచినప్పుడు ఒక మిల్లీమీటరు బుడగ అంటుకుంటే చాలు, సాంద్రత 0.05 శాతం తగ్గుతుంది. ప్రింటయిన ముఖాల మీద సగం అతికిన రేణువులు ఉంటాయి కాబట్టి బుడగలు ఇట్టే పట్టుకుంటాయి. అందుకే ఆరు ముఖాల్నీ 600 నంబరు గరుకు పేపరు దాకా అరగదీసి, ఎథనాల్‌లో అల్ట్రాసోనిక్ చేసి, ఆరబెట్టి తూచాలి. మరిగించి చల్లార్చిన డిస్టిల్డ్ నీళ్లు వాడి, అందులో ఒక చుక్క వెట్టింగ్ ఏజెంట్ వేయండి. దీనికి ఎదురు తప్పు ఇంకోటుంది, అది మరీ మోసకారి. అతుకు సరిగా లేని ఘనాల్లో ఖాళీలు పైకి తెరుచుకుని ఉంటాయి, వాటిలోకి నీళ్లు చేరి సాంద్రత ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. అంటే అన్నిటికంటే చెడ్డ ఘనం ఓ మోస్తరు ఘనంలా కనిపిస్తుంది. నీళ్లలో తూచాక బయటికి తీసి తుడిచి మళ్లీ గాలిలో తూచండి. మొదటి తూకం కంటే పెరిగితే ఆ ఘనం నీళ్లు తాగిందన్నమాట, దాని ఆర్కిమెడీస్ విలువ పక్కన పెట్టండి.

మైక్రోస్కోప్‌కి ఘనాన్ని బిల్డ్ దిశలో నిలువుగా కోయండి. అడ్డంగా కోస్తే పొరల మధ్య బల్లపరుపు ఖాళీలు చాలావరకు దొరకవు. 240 నుంచి 1200 పేపరు, తర్వాత 3, 1 మైక్రాన్ డైమండ్, చివర కొల్లాయిడల్ సిలికా. తొందరపడి నొక్కితే మెత్తటి ఆస్టెనైట్ (316ఎల్‌లోని ముఖ్య ఫేజ్) రంధ్రాల మీదకి జారి వాటిని కప్పేస్తుంది, సాంద్రత బ్రహ్మాండంగా వచ్చిందనిపిస్తుంది. రంధ్రాలు కొలవాల్సింది ఎచ్ చేయకముందే (ఆమ్లంతో ఉపరితలాన్ని కాస్త తినిపించకముందే). ఫోటోలు కొలిచే సాఫ్ట్‌వేర్ ఇమేజ్‌ జేలో థ్రెషోల్డ్ (ఎంత నలుపుని రంధ్రంగా లెక్కించాలన్న హద్దు) కాస్త కదిపితే శాతం మారిపోతుంది కాబట్టి అన్ని ఫోటోలకీ ఒకే వెలుతురు, ఒకే థ్రెషోల్డ్. అంచు దగ్గర కాంటూర్ స్కాన్‌కీ (చుట్టూ గీసే గీత) లోపలి హ్యాచ్‌కీ మధ్య ఒక రంధ్రాల వరస తరచూ కనిపిస్తుంది. దాన్ని కత్తిరించేసి మధ్య భాగమే చూపించడం మర్యాద కాదు. తర్వాత పది శాతం ఆక్సాలిక్ ఆమ్లంలో 6 వోల్టుల దగ్గర ఎలక్ట్రోలిటిక్ ఎచింగ్ చేస్తే మడుగుల వంపు గీతలు తేలతాయి. నిమిషం దాటనివ్వకండి, నల్లబడుతుంది.

ఏ ఫేజ్‌లు ఉన్నాయో చూసే ఎక్స్‌ఆర్‌డీకి (ఎక్స్‌రే డిఫ్రాక్షన్) రాగి ట్యూబ్ ఉన్న మెషిన్‌లో ఇనుము ఫ్లోరెసెన్స్ వల్ల బ్యాక్‌గ్రౌండ్ బాగా లేస్తుంది. కోబాల్ట్ ట్యూబ్ దొరికితే అదే వాడండి.

తన్యత పరీక్షలో ఎక్స్‌టెన్సోమీటర్ (నమూనా సాగుదలని నేరుగా కొలిచే పరికరం) లేకుండా క్రాస్‌హెడ్ (మెషిన్ లాగే దూలం) కదలికతో యంగ్స్ మాడ్యులస్ రాయడం నవ్వుల పాలవడమే. యీల్డ్ (శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి) 450 నుంచి 550 మెగాపాస్కల్ వస్తే కంగారు పడకండి. అనీల్ చేసిన 316ఎల్ షీటుకి ప్రమాణం అడిగే కనిష్ఠం 170 మాత్రమే అయినా, ప్రింటయినదాంట్లో మైక్రాన్ కంటే చిన్న సెల్స్ గోడల నిండా డిస్‌లొకేషన్లు (స్ఫటికంలో వరస తప్పిన గీతలు) ఉంటాయి, అవే బలం పెంచుతాయి. నిలువుగా వేసినవీ పడుకోబెట్టి వేసినవీ విడివిడిగా రాయండి, సగటు తీయకండి.

ఫిల్టర్ మార్చే పని మాత్రం కొత్తగా చేరినవాళ్లు ఒంటరిగా చేయకూడదు. అందులో పేరుకున్న నల్లటి మసి పౌడర్ కంటే ఎన్నో రెట్లు సన్నం, గాలి తగిలితే అంటుకోగలదు. పీ3 మాస్కు, యాంటీస్టాటిక్ చెప్పులు, చేతికి గ్లవ్స్ ఉండాలి. మామూలు వ్యాక్యూమ్ క్లీనర్ దగ్గరికి రానివ్వకూడదు. క్లాస్ డీ ఎక్స్‌టింగ్విషర్ (లోహపు మంటలు ఆర్పేది) ఎక్కడుందో మెషిన్ ఆన్ చేయడం కంటే ముందు నేర్చుకోండి. టైటానియం, అల్యూమినియం అంటుకుంటే నీళ్లు పోయకూడదు, హైడ్రోజన్ పుట్టి మంట ఇంకా పెరుగుతుంది.