అందరూ ఊరెళ్లాక సైగాన్‌లో టెట్

వియత్నాం వాళ్ల కొత్త సంవత్సరం పేరు టెట్. ఆ సెలవులకు సైగాన్‌లో ఉండవద్దని ఇక్కడికి కొత్తగా వచ్చిన ప్రతి భారతీయుడికీ ఎవరో ఒకరు చెబుతారు. కొట్లు మూసేస్తారు, కూరగాయలు దొరకవు, ట్యాక్సీలు దొరకవు, బ్యాంకాక్‌కో బాలికో వెళ్లి రండి అంటారు. 2025లో మేం ఉండిపోయాం. పెద్ద ఆశయమేమీ లేదు, విమాన టికెట్ల ధరలు చూసి ఆగిపోయాం. ఆ సలహాలో సగం తప్పని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. కష్టమంతా టెట్‌కు ముందు వారాల్లోనే ఉంది. (ఊరి అధికారిక పేరు హోచిమిన్ సిటీ అయినా వాడుకలో సైగానే, నేనూ అదే రాస్తున్నాను.)

పండుగల కాలం క్రిస్మస్‌తో మొదలవుతుంది. డిసెంబరు 25 ఇక్కడ సెలవు కాదు, ఆఫీసుకు వెళ్లాల్సిందే. అయినా ముందు రోజు రాత్రి, మరమ్మతుల్లో ఉన్న నోట్రడామ్ చర్చి చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. జనవరి 5న వియత్నాం థాయిలాండ్‌ను ఓడించి ఆగ్నేయాసియా ఫుట్‌బాల్ కప్పు గెలిచిన రాత్రి అంతకు మించి. ఈలోగా జనవరి 1 నుంచి ట్రాఫిక్ జరిమానాలు పెరిగాయి. మోటారు సైకిల్ మీద ఎర్ర దీపం దాటితే 40 నుంచి 60 లక్షల డాంగ్‌లు, అంటే మన డబ్బులో దాదాపు 14 వేల నుంచి 20 వేలు. నిన్నటిదాకా ఫుట్‌పాత్ మీద కూడా బండి నడిపిన ఊరు ఒక్కసారిగా గీత ముందు ఆగడం నేర్చుకుంది. మంచిదే. కానీ దానికి టెట్ కొనుగోళ్ల రద్దీ తోడయ్యేసరికి సాయంత్రం ఇల్లు చేరడమే గగనమైంది. డిసెంబరు 22న మొదలైన మెట్రో లేకపోతే ఆ జనవరి ఎలా గడిచేదో. మొదటి నెల టికెట్ కూడా లేదు, ఊరికే ఎక్కించుకున్నారు.

జనవరి 14, సంక్రాంతి. ఇక్కడ మామూలు మంగళవారం. ఆఫీసుకు బయలుదేరుతూ చూస్తే మా సందులో ప్రతి గుమ్మం ముందూ ఎవరో ఒకరు కూర్చుని కుండీలోని మాయ్ చెట్టు ఆకులు ఒక్కొక్కటే తుంచుతున్నారు. వాళ్ల లెక్కలో అది పన్నెండో చాంద్రమాసం పదిహేనో రోజు. అప్పుడు ఆకులు తీసేస్తే సరిగ్గా టెట్‌కు పసుపు పూలు విచ్చుకుంటాయట. ఎండ ఎక్కువైతే ఒకటి రెండు రోజులు ఆగి తుంచుతారు. పూలు ముందే రాలిపోతే ఏడాది కలిసిరాదని దిగులు.

వాళ్ల నెల అమావాస్య రోజుతో మొదలవుతుంది. ఆ ఏడాది టెట్ జనవరి 29న వచ్చింది, మనకు పుష్య బహుళ అమావాస్య. మా అమ్మది కాకినాడ. ఫోనులో విషయం చెబితే, "చొల్లంగి తీర్థం రోజున కొత్త సంవత్సరమేమిటి నాయనా? అమావాస్య నాడు ఎవరైనా శుభం మొదలుపెడతారా?" అంది. ఈ మాట మా ఇంటి యజమానురాలి చెవిన వేయలేదు.

సరుకుల సంగతి. సెలవులు ప్రభుత్వ లెక్కలో జనవరి 25 నుంచి ఫిబ్రవరి 2 వరకు. ఏటీఎంల ముందు వరుసలు పెరగకముందే డబ్బు తీసిపెట్టుకున్నాం. గ్యాస్ సిలిండర్, తాగునీటి క్యాన్లు ముందే తెప్పించుకున్నాం, తెచ్చే కుర్రాళ్లు కూడా ఊరెళ్లిపోతారు కాబట్టి. బా చియూ మార్కెట్‌లో సొరకాయ, బెండకాయ, బీరకాయ ఎప్పుడూ దొరుకుతాయి. టెట్ దగ్గరపడేకొద్దీ ధర రోజురోజుకూ ఎక్కుతుంది, అక్కడ బేరం ఆడేవాళ్లు కనిపించరు. మేం శాకాహారులం. "అన్ చై" అంటే మాంసం, చేపల రసం ఏవీ లేని తిండి అని ఇక్కడ అందరికీ తెలుసు. చాంద్రమాసం మొదటి రోజు, పదిహేనో రోజు చాలామంది బౌద్ధులు అదే తింటారు కనుక టెట్ తొలిరోజు శాకాహారికి నిజానికి ఇబ్బంది లేదు. రెండో రోజు నుంచి మాత్రం మన వంటిల్లే దిక్కు.

లీ సీ కవర్లు మరో పని. పిల్లలకు, వాచ్‌మన్‌కు, చెత్త తీసుకువెళ్లే ఆమెకు ఎర్ర కవర్లలో డబ్బు ఇవ్వాలి, నోట్లు కొత్తవై ఉండాలి. బ్యాంకులో కొత్త నోట్లు ఎవరికీ సరిపోయినన్ని దొరకవు. అందుకే రోడ్డు పక్కన కమిషన్ తీసుకుని కొత్త నోట్లు అమ్మే వ్యాపారం ఒకటి పుట్టుకొస్తుంది. రెండు డాలర్ల నోటు అదృష్టమని దానికి వేరే గిరాకీ.

మియెన్ తాయ్ బస్ స్టేషన్ ముందు ఆ వారం దృశ్యం సంక్రాంతి ముందు పంతంగి టోల్ ప్లాజా లాంటిదే. మెకాంగ్ డెల్టా వాళ్లంతా అట్టపెట్టెలతో, పిల్లలతో ఊళ్లకు వెళ్తుంటారు. అదే డెల్టా నుంచి ఎదురుగా పూలు పడవల మీద వస్తాయి. అప్పటి ఎనిమిదో జిల్లాలో బిన్ డాంగ్ రేవుకు వెళ్లాం. నా ఓటు ఆ రేవుకే, ఈ ఊళ్లో అంతకంటే మంచి షికారు నాకు తెలియదు. కాలువ పొడవునా పడవలు, గట్టు మీద మాయ్ చెట్లు, కాయలతో నిండిన చిన్న నారింజ మొక్కలు, లెక్కలేనన్ని బంతిపూల కుండీలు. బంతిపూలు చూసి మా ఆవిడకు ప్రాణం లేచి వచ్చింది. రెండు కుండీలు మోటారు సైకిల్ వెనక కట్టించుకున్నాం. టెట్ ముందు రోజు మధ్యాహ్నానికి పూల సంతలన్నీ ఖాళీ చేయాలి. చివరి గంటల్లో ధర సగానికి పడుతుందని కొందరు కాచుకుని కూర్చుంటారు. ఏడాదంతా పెంచిన రైతు దగ్గర ఆ ఆట నాకు నచ్చలేదు.

ఇంటి యజమానురాలు కింది అంతస్తులో ఉంటారు. మనం అత్తయ్య అన్నట్టు ఆమెను "కో" అని పిలుస్తాను. ఒకరోజు మెట్ల దగ్గర ఆపి నేను పుట్టిన సంవత్సరం అడిగారు. 1985 అన్నాను. వేళ్ల మీద లెక్కపెట్టి, ముఖం వికసించి, టెట్ అర్ధరాత్రి దాటాక వాళ్లింట్లో మొదటి అడుగు నన్నే పెట్టమన్నారు. ఏటికో జంతువు పేరు పెట్టే వాళ్ల లెక్కలో 1985 గేదె సంవత్సరం, వచ్చేది పాము సంవత్సరం, ఆ రెంటికీ పొత్తు కుదురుతుందట. కొత్త ఏడాదిలో గడప దాటే తొలి మనిషిని బట్టే ఇంటి అదృష్టమని వాళ్ల నమ్మకం. కాబట్టి పిలవకుండా ఆ పూట ఎవరింటికీ వెళ్లకూడదు.

టపాకాయలపై 1995 నుంచి నిషేధం ఉంది, పెద్ద బాణసంచా కాల్చేది ప్రభుత్వమే. నది వైపు ఆకాశంలో బాణసంచా ఆగాక, బయటి నుంచి వచ్చినట్టు వీధిలోకి వెళ్లి తిరిగి వచ్చి గడప దాటాను. "చుక్ ముంగ్ నమ్ మొయ్" (నూతన సంవత్సర శుభాకాంక్షలు) అని బాగానే అన్నాననుకుంటాను. చేతిలో కవరు పెట్టి, జిగురు బియ్యంలో అరటిపండు, పెసరపప్పు పెట్టి ఆకులో చుట్టి ఉడికించిన బాన్ టెట్ ఇచ్చారు. మాంసం పెట్టనివి మా కోసం విడిగా చేయించారట. మూడు రోజులు ఇల్లు ఊడవవద్దని, అదృష్టం చెత్తతో పోతుందని మా ఆవిడకు గట్టిగా చెప్పారు. ఆమె బుద్ధిగా తలూపి, పైకి వచ్చి తలుపు వేసుకుని ఊడ్చింది.

తొలిరోజు పొద్దున రోడ్డు దాటడానికి ఎవరికీ ప్రాణభయం అక్కర్లేదు. మారియమ్మన్ గుడి దాకా నడిచే వెళ్లాం. తమిళ వర్తకులు కట్టించిన గుడి, టెట్‌కు మాత్రం భక్తులంతా వియత్నాం వాళ్లే. గుడి వెనక గోడకు నుదురు ఆనించి కోరికలు చెప్పుకుంటున్నారు. ఆ వరుసలో మేమే పరాయివాళ్లం. న్గుయెన్ హ్యూ పూల వీధి మాత్రం ఖాళీ కాదు, ఊళ్లో మిగిలినవాళ్లంతా కొత్త ఆవ్ జాయ్ దుస్తుల్లో పాము బొమ్మల ముందు ఫొటోలు తీసుకుంటూ అక్కడే ఉన్నారు. పొద్దున్నే వెళ్తే మేలు. మర్నాడు మెట్రో ఎక్కి బెన్ తాన్ నుంచి సువోయ్ తియెన్ దాకా పోయాం. దాదాపు 20 కిలోమీటర్లకు 20 వేల డాంగ్‌లు. బా సోన్ దాటి రైలు భూమి పైకి వచ్చాక నది, ల్యాండ్‌మార్క్ 81 అనే ఆకాశహర్మ్యం కనిపిస్తాయి. మా అబ్బాయికి అక్కడి వినోద పార్కు కన్నా ఆ రైలే నచ్చింది.

ఫిబ్రవరి 3న ఆఫీసు తెరిచారు. మా మేనేజర్ అందరి బల్లల దగ్గరికీ వచ్చి ఎర్ర కవర్లు పంచాడు, ఆ రోజు ఎవరూ పెద్దగా పని చేయలేదు. కింద అన్నం కొట్టు ఆవిడ ఇంకా ఊరి నుంచి రాలేదు. మధ్యాహ్నం డబ్బాలో బెండకాయ వేపుడు, చివరి బాన్ టెట్ ముక్క.