బకెట్ చల్లగానే ఉంది, హెడ్ మాత్రం కాలిపోతోంది: నా కంప్రెసర్ అనుభవం

మూడోసారి పోయింది కూడా ఆ ఓ-రింగే. కంప్రెసర్ రెండో స్టేజి పిస్టన్ మీద, గాలి పక్కనుంచి జారిపోకుండా ఆపే చిన్న రబ్బరు రింగ్. చేతిలోకి తీసుకుంటే రబ్బరులా సాగలేదు, వంచగానే పుటుక్కున విరిగింది. గాడిలో నల్లటి పొడి, మాడిన నూనె వాసన. అంతకుముందు రోజే సిలిండర్ 220 బార్ (మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడి దాదాపు ఒక బార్) దాకా ఎక్కి, అక్కడి నుంచి ముల్లు కదలడం మానేసింది.

నాది 300 బార్ దాకా గాలి ఎక్కించే చిన్న రెండు స్టేజీల (అంటే గాలిని రెండు విడతలుగా నొక్కే) కంప్రెసర్. 1.8 కిలోవాట్ల మోటారు, పక్కన ఒక బకెట్, అందులో మునిగి ఉండే బుల్లి పంపు, మెషీన్ హెడ్ (పిస్టన్ల పైభాగం) చుట్టూ నీళ్లు తిప్పి చల్లబరిచే రెండు సన్నటి పైపులు. అంతే. ఎయిర్ రైఫిల్‌తో టార్గెట్ ప్రాక్టీస్ చేస్తాను కాబట్టి దీంతో 6.8 లీటర్ల కార్బన్ ఫైబర్ సిలిండర్ నింపుకుంటాను. ఖాళీ సిలిండర్ 300 బార్‌కి రావాలంటే మామూలు గాలి దాదాపు రెండు వేల లీటర్లు అందులోకి కుక్కాలి. ఇంత చిన్న మెషీన్‌కి అది పెద్ద పనే.

సైకిల్ పంపు గట్టిగా కొడితే అడుగు భాగం వేడెక్కడం అందరికీ తెలుసు. ఇక్కడ జరిగేదీ అదే, కాకపోతే చాలా పెద్ద మోతాదులో. మొదటి స్టేజిలో గాలి ఒత్తిడి సుమారు 17 రెట్లు పెరిగితే, రెండో స్టేజిలో మళ్లీ 17 రెట్లు పెరగాలి. అప్పుడే 300 వస్తుంది. వేడి బయటికి పోయే దారి ఏమాత్రం లేకపోతే 27 డిగ్రీల గాలి ఒక్క స్టేజిలోనే 400 డిగ్రీలకు చేరాలి. పిస్టన్ చుట్టూ ఉండే లోహపు గోడలు వేడిని లాక్కుంటాయి కాబట్టి నిజంగా అంత రాదు. ఆ గోడల్లోని వేడిని తీసుకుపోయే పని నీళ్లది. మామూలు నైట్రైల్ రబ్బరు ఓ-రింగ్ 100, 120 డిగ్రీలు దాటితే ఎక్కువ కాలం బతకదు. అంటే మన దగ్గర పెద్దగా మార్జిన్ లేదు.

మొదట్లో నాకు తోచింది ఐస్. బకెట్లో మూడు కిలోల ఐస్ వేసి మొదలుపెట్టాను. హెడ్ మీది టెంపరేచర్ మీటర్ పది నిమిషాల పాటు బుద్ధిగా 50 దగ్గర ఉంది. ఐస్ కరిగాక మళ్లీ 75 దాకా పాకింది. తర్వాత లెక్క వేస్తే ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదని తెలిసింది. కిలో ఐస్ కరగడానికి 334 కిలోజౌళ్లు కావాలి. మెషీన్ నీళ్లలోకి వదిలే వేడి ఒకటిన్నర కిలోవాట్లు అనుకుంటే, మూడు కిలోల ఐస్‌కి వచ్చేది పదకొండు నిమిషాలే. పైగా ఇంకో చిక్కు వచ్చింది. నాలుగైదు సార్లు ఇలా నడిపాక ఆయిల్ కిటికీలో చూస్తే నూనె మజ్జిగలా తెల్లబడి ఉంది. మెషీన్ శరీరం మరీ చల్లగా ఉంటే గాలిలోని తేమ లోపలే నీరై ఆయిల్‌లో కలుస్తుంది. ఆ ఆయిల్ మొత్తం మార్చాను, ఐస్ మానేశాను.

దారి చూపించింది డీజిల్ ఇంజన్లు బాగుచేసిన మా బాబాయ్. వచ్చి బకెట్ వైపు చూడనే లేదు. మెషీన్ ఆన్ చేయించి, బకెట్లోకి తిరిగొచ్చే పైపును రెండు వేళ్లతో పట్టుకున్నాడు.

"బకెట్లో చెయ్యి పెట్టి చల్లగా ఉందంటే ఎలారా? వెళ్లే పైపు పట్టుకో, వచ్చే పైపు పట్టుకో. తేడా చూడు."

వెళ్లే పైపు చల్లగా ఉంది. వచ్చే పైపు వేడి టీ గ్లాసులా ఉంది. థర్మామీటర్ పెడితే బకెట్లో 28, తిరిగొచ్చే నీళ్లలో 47. అప్పుడు లీటరు మగ్గు పట్టి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టాను. మగ్గు నిండటానికి 52 సెకన్లు పట్టింది. అంటే నిమిషానికి లీటరుకు కాస్త ఎక్కువ. పంపు డబ్బా మీద రాసినదానికి దీనికి పొంతనే లేదు.

నా దృష్టిలో ఈ మొత్తం పనిలో విలువైన సాధనం ఆ మగ్గే. ఎందుకంటే దాంతో పాటు రెండు ఉష్ణోగ్రతలు తెలిస్తే మెషీన్ ఎంత వేడి వదులుతోందో కూడా తెలిసిపోతుంది. లీటరు నీరు ఒక డిగ్రీ ఎక్కడానికి 4.19 కిలోజౌళ్లు కావాలి. నిమిషానికి 1.15 లీటర్లు, 19 డిగ్రీల తేడా. గుణిస్తే సుమారు 1.5 కిలోవాట్లు. 1.8 కిలోవాట్ల మోటారుకి అది సరిపోయే లెక్కే. అంటే వేడిలో ఎక్కువ భాగం నీళ్లే మోస్తున్నాయి, కానీ మోసే నీళ్లు చాలవు. అదే వేడిని నిమిషానికి నాలుగైదు లీటర్లు మోస్తే తేడా ఐదు డిగ్రీలకు దిగుతుంది.

నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో వెతకడం మొదలుపెట్టాను. పంపు మీద రాసిన లీటర్లు పైకి ఎత్తే పని అసలు లేనప్పటివి. ఎత్తు పెరిగేకొద్దీ ప్రవాహం పడిపోతుంది, గరిష్ఠ ఎత్తు దగ్గర సున్నా. నా బకెట్ నేల మీద, కంప్రెసర్ బల్ల మీద. బుల్లి పంపు శక్తి సగం అక్కడే పోతోంది. బకెట్ తీసేసి 20 లీటర్ల డ్రమ్మును బల్ల ఎత్తులోనే పెట్టాను. పైపుల లోపలి వ్యాసం 6 మిల్లీమీటర్లు, అదీ ఒక మూల మడతపడి ఉంది. నీరు సాఫీగా పారేటప్పుడు వ్యాసం రెట్టింపైతే అదే ఒత్తిడికి పదహారు రెట్లు నీరు పోతుంది. అందుకే 10 మిల్లీమీటర్ల పైపు వేశాను, వీలైనంత పొట్టిగా. పంపు కూడా ఎక్కువ ఎత్తుకు నెట్టగలిగే రకం పెట్టాను.

హెడ్‌కి పైపు తగిలించే ముక్కు విప్పితే లోపల తెల్లటి గార కట్టి ఉంది, సన్నటి పుల్ల దూరేంత కంత మాత్రమే మిగిలింది. కుళాయి నీళ్లలోని సున్నం అది. గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు పలచగా కలిపి, పావుగంట తిప్పి, వెంటనే మంచినీళ్లతో బాగా కడిగాను. అల్యూమినియం కాబట్టి ఆమ్లాన్ని ఎక్కువసేపు ఉంచకూడదు. ఇప్పుడు డిస్టిల్డ్ వాటర్‌లో కారు కూలెంట్ కలిపి వాడుతున్నాను, తుప్పు పట్టకుండా. చాలా కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. తియ్యగా ఉంటుంది కాబట్టి పిల్లలకీ పెంపుడు జంతువులకీ అందకుండా డ్రమ్ముకి మూత తప్పనిసరి.

ఇవన్నీ చేశాక కూడా హెడ్ పైభాగం కిందికంటే బాగా వేడిగా ఉండటం నన్ను వదల్లేదు. చివరికి కారణం చాలా చిన్నది. నీళ్లు పై ముక్కులోంచి వెళ్లి కింది ముక్కులోంచి వచ్చేలా తగిలించాను. జాకెట్ (హెడ్ చుట్టూ నీళ్లు తిరిగే ఖాళీ) పైభాగంలో గాలి ఇరుక్కుపోయి, అక్కడ లోహానికి నీళ్లే తగలడం లేదు. పైపులు అటూఇటూ మార్చి, కింది నుంచి లోపలికి, పై నుంచి బయటికి వచ్చేలా పెట్టి పంపు ఆన్ చేశాను. పారదర్శకమైన పైపులో గుటగుటమంటూ ముందు ఒక పెద్ద బుడగ, దాని వెనక చిన్నచిన్న బుడగల వరుస, తర్వాత నిండుగా నీళ్లు. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు! లీటరు మగ్గు 13 సెకన్లలో నిండింది. పావుగంట నడిపినా మీటర్ 55 దాటలేదు.

అయితే 20 లీటర్ల నీరు కూడా దాదాపు నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున ఎక్కుతూనే ఉంటుంది. కొద్దిగా టాప్‌అప్ చేసుకునేవాళ్లకి ఇది చాలు. ఖాళీ సిలిండర్ మొదటి నుంచి నింపాలంటే చాలదు. పాత చిన్న కారు రేడియేటర్ ఒకటి, 12 వోల్టుల ఫ్యానుతో సహా, తిరిగొచ్చే దారిలో పెట్టాను. వేడి నీళ్లే రేడియేటర్‌లోకి వెళ్లాలి, ఎందుకంటే గాలికీ నీటికీ తేడా ఎంత ఎక్కువైతే అది అంత బాగా పనిచేస్తుంది. దాని అడ్డుతో మగ్గు సమయం 17 సెకన్లకు పెరిగింది, పర్వాలేదు. గది 28 డిగ్రీలుంటే డ్రమ్ము 41 దగ్గర నిలబడిపోతోంది. రేడియేటర్ గది ఉష్ణోగ్రత కంటే కిందికి తీసుకురాలేదు, దాని అవసరమూ లేదు.

ఈ నీళ్లతో తీరని సమస్య ఇంకొకటి ఉంది, గాలిలోని తేమ. 30 డిగ్రీల దగ్గర పూర్తిగా తేమ పట్టిన ఘనమీటరు గాలిలో 30 గ్రాముల నీరు ఉంటుంది. నా సిలిండర్ ఒకసారి నిండితే రెండు ఘనమీటర్లు పోతుంది కాబట్టి ఉక్కగా ఉన్న రోజున 60 గ్రాముల దాకా నీరు మెషీన్ గుండా వెళుతుందన్నమాట. అందుకే ఐదు నిమిషాలకోసారి డ్రెయిన్ వాల్వ్ తిప్పి నీటిని వదిలేయడం మానను, ఫిల్టర్‌లో తేమ పీల్చే మందు మార్చడం మానను. ఈ గాలి టార్గెట్ గన్‌కే. ఊపిరి పీల్చే సిలిండర్‌లో మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ నింపవద్దు, దానికి కావలసిన శుద్ధి వేరు.

ఇలాంటి పని చేయాలనుకునేవాళ్లకి ఒక్క మాట గట్టిగా చెబుతాను. నేను ముట్టుకున్నది నీళ్ల వైపు మాత్రమే. గాలి వైపు ఒక్క పైపు కానీ నట్టు కానీ బర్స్ట్ డిస్క్ (ఒత్తిడి హద్దు దాటితే పగిలి గాలిని వదిలేసే బిళ్ల) కానీ మార్చలేదు. 300 బార్ దగ్గర తప్పు జరిగితే రెండో అవకాశం ఉండదు. పంపు నీళ్లలో ఉంటుంది కాబట్టి ప్లగ్ పాయింట్‌కి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించాను. తిరిగొచ్చే పైపు కొనను నీళ్లలో ముంచకుండా పైన వేలాడదీశాను. ధార కళ్ల ముందే కనిపిస్తుంది, సన్నబడితే వెంటనే మెషీన్ ఆపేస్తాను. ఎప్పుడూ పక్కనే కూర్చోలేం కాబట్టి ఇప్పుడు ఒక ఫ్లో స్విచ్ బిగిస్తున్నాను, ధార ఆగితే మోటారు కరెంటు తానే పోయేలా.

నాలుగో ఓ-రింగ్ వేసి ఏడు నెలలైంది. మొన్న హెడ్ విప్పి చూశాను. గోరుతో నొక్కితే దిగి, మళ్లీ పైకి లేచింది. గాడిలో నల్లటి పొడి లేదు. కాస్త గ్రీజు రాసి మళ్లీ అదే వేశాను.