సున్నం రంగు

మిర్యాలగూడలో ఒక చిన్న ల్యాబ్‌లో పదకొండేళ్లుగా టెక్నీషియన్‌గా చేస్తున్నాను. రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ట్యూబు బయటికి తీయగానే, మిషన్‌లో పెట్టకముందే కొన్ని సంగతులు కంటికి తెలిసిపోతాయి. మామూలు మనిషిదైతే పైన తేలే సీరం అనే ద్రవం లేత గడ్డి రంగులో ఉంటుంది. కామెర్లున్న మనిషిది పసుపు కలిపిన నూనెలా ఉంటుంది. పోయిన ఏడాది సద్దుల బతుకమ్మ తెల్లారి అట్లాంటి ట్యూబు మీద మా చిన్నాయన పేరు నా చేత్తోనే రాయాల్సి వచ్చింది.

పండక్కి అమ్మగారింటికి పోయాను. ఊరు హాలియా దగ్గర. చిన్నాయన అరుగు మీద కూర్చుని రెండు చేతులూ బరబరా గోక్కుంటున్నాడు. కండ్లు చూసి నేనే అడిగాను.

"కామెర్లే బిడ్డా. పసరు తాగుతున్న. మూడు ఐతారాలు అయినయ్. ఇంకో రెండు తాగితే పోతయన్నడు."

మోచేతి కింద వాత కూడా ఉంది. అంతకుముందే చిన్నమ్మ ఆయన మూత్రంలో అన్నం మెతుకులేసి చూసిందట. పచ్చగా మారాయి కాబట్టి కామెర్లని ఖాయం చేసుకున్నారు.

ఆ మెతుకుల పరీక్షను నేను ఎగతాళి చేయను. ఒంటిని పచ్చగా చేసేది బిలిరుబిన్ అనే పదార్థం. కాలేయంలో మార్పు చెందాక అది నీళ్లలో కరుగుతుంది, రక్తంలో పెరిగితే మూత్రంలోకి దిగుతుంది, మెతుకుకు అంటుకుంటుంది. కాకపోతే ఎర్రకణాలు విపరీతంగా పగిలిపోవడం వల్ల వచ్చే కామెర్లలో పెరిగేది నీళ్లలో కరగని రకం. అది మూత్రంలోకి రాదు. అప్పుడు కండ్లు పచ్చగా ఉన్నా మెతుకులు తెల్లగానే ఉంటాయి. పైగా మెతుకు పచ్చబడింది అంటే కామెర్లున్నాయని తెలుస్తుంది గానీ, ఎందుకొచ్చాయో తెలియదు. మనవాళ్లు కామెర్లంటే ఒకటే జబ్బు అనుకుంటారు. జ్వరంలాగే అది కూడా ఒక గుర్తు మాత్రమే.

నేను వేరే ప్రశ్న అడిగాను. "దొడ్డికి పోతే ఏ రంగుల వస్తుంది చిన్నాయనా?"

అన్న బిడ్డ అట్లా అడిగేసరికి ఆయన మొహం తిప్పుకుని, బర్రెకు గడ్డి వేయాలని లేచి పోయాడు. గడ్డి అప్పటికే వేసి ఉంది. కాసేపటికి చిన్నమ్మ వచ్చి గుసగుసగా చెప్పింది: "సున్నం కలిపిన మన్ను లెక్క ఉంటుందట. మూత్రమేమో చాయ్ డికాషన్ లెక్క."

అప్పుడు పట్టుకుంది నాకు టెన్షన్. ఎందుకో చెప్తాను. ఎర్రకణం ఆయుష్షు 120 రోజులు. అది పగిలినప్పుడు హీమోగ్లోబిన్ నుంచి పుట్టే పసుపు పదార్థమే బిలిరుబిన్. రక్తంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ వీపెక్కి కాలేయానికి వస్తుంది. కాలేయం దానికి గ్లుకురోనిక్ ఆమ్లం తగిలించి నీళ్లలో కరిగేలా చేసి, పిత్తంతో కలిపి చిన్నపేగులోకి పంపుతుంది. పెద్దపేగులో బ్యాక్టీరియా దాన్ని ఇంకోలా మారుస్తాయి. మలానికి ఆ గోధుమ రంగు వచ్చేది దానివల్లే. మలం తెల్లబడిందంటే పిత్తం పేగు దాకా రావడం లేదన్నమాట. సాగర్ కాలువ కింద బతికేవాళ్లకు ఇది కష్టమైన లెక్కేం కాదు: తూము మూసుకుపోతే కింది మడి ఎండుతుంది, నీళ్లు వెనక్కి తన్నుతాయి. ఇక్కడ వెనక్కి తన్నేది రక్తంలోకి. పిత్తంతో బయటికి పోవాల్సినవన్నీ ఒంట్లోనే ఉండిపోయి రాత్రంతా దురద.

మర్నాడు రిపోర్టు: మొత్తం బిలిరుబిన్ 11.4, అందులో డైరెక్ట్, అంటే నీళ్లలో కరిగే రకం, 9.2. మామూలుగా మొత్తం కలిపి 1.2 లోపు ఉండాలి. కాలేయ కణాలు దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ కొంచెమే పెరిగింది, పిత్తం దారి మూసుకుంటే పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మాత్రం 600 దాటింది. కాలేయ కణాలే దెబ్బతింటే సాధారణంగా దీనికి తలకిందులుగా ఉంటుంది. (ఈ డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ అనే మాటలు 1916లో వాన్ డెన్ బర్గ్ అనే డచ్ వైద్యుడి పరీక్ష నుంచి వచ్చాయి. ఒక రకం బిలిరుబిన్ రసాయనం కలపగానే నేరుగా రంగు మారుతుంది, రెండో రకం ఆల్కహాల్ కూడా కలిపితేనే మారుతుంది. పేరులో అంతకన్నా మర్మం లేదు.)

స్కానింగ్‌లో పిత్తనాళంలో రాయి కనబడింది. పిత్తాశయంలో ఇంకా కొన్ని. అప్పుడు పాత సంగతులన్నీ ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఏడాదిగా యాటకూర తిన్న రాత్రి కుడి డొక్కలో నొప్పి లేచి భుజం దాకా పాకేదట. గ్యాస్ అనుకుని సోడా తాగేవాడు. కొవ్వు తిన్నప్పుడు చిన్నపేగు కోలిసిస్టోకైనిన్ అనే హార్మోన్ వదులుతుంది, అది పిత్తాశయాన్ని పిండుతుంది. దారికి రాయి అడ్డముంటే నొప్పి రాకుండా ఎట్లా ఉంటుంది? పసరాయన నూనె మానమని పత్యం పెట్టాడు కాబట్టి ఆ మూడు వారాలు నొప్పి లేదు. అదే పసరు గుణమని వీళ్లు మురిసిపోయారు.

గడ్డం గీయించుకుంటే తెగినచోట రక్తం ఎంతకూ ఆగలేదని కూడా అప్పుడే చెప్పాడు. పిత్తం లేకపోతే కొవ్వులో కరిగే విటమిన్ కె పేగు నుంచి ఒంటికెక్కదు. అది లేకుంటే కాలేయం రక్తం గడ్డకట్టే పదార్థాలు సరిగా చేయలేదు. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే పీటీ పరీక్ష నేను చేస్తే 19 సెకన్లు, ఉండాల్సిన దానికన్నా ఎక్కువ. హైదరాబాద్‌లో విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చాక మర్నాటికి 13కి దిగింది. కాలేయం ఇంకా పని చేస్తూనే ఉంది, దానికి సరుకే అందడం లేదని ఆ అంకె చూశాక నాకు ధైర్యం వచ్చింది. కాలేయమే పాడైతే ఇంజెక్షన్ ఇచ్చినా అంత తొందరగా దిగదు.

పసరు తాగి బాగైనవాళ్లు మా ఊళ్లో బోలెడు మంది. నిజమే. కలుషితమైన నీళ్లతో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ ఎక్కువమందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పేరు పసరాయనకు పోతుంది. రాయి మాత్రం పసరుకు కరగదు. నాకు కోపం ఆ మూడు ఐతారాల మీదే. మూసుకున్న నాళంలో చీము పట్టి ఉంటే మనిషి దక్కేవాడు కాదు.

నోట్లోంచి గొట్టం వేసి రాయి తీశారు, పిత్తం జారడానికి చిన్న స్టెంట్ పెట్టారు. పిత్తాశయం తర్వాత తీసేశారు. రాయి తీసిన నాలుగో రోజు పొద్దున ఆరింటికి నా ఫోన్ మోగింది. చిన్నాయన. ఏమీ మాట్లాడడు, దగ్గుతున్నాడు.

"ఏమైంది చిన్నాయనా?"

"ఏం లేదు బిడ్డా. నువ్వు అడిగిన రంగు... మళ్లొచ్చింది."

అని టక్కున పెట్టేశాడు.