కెరటం విరగని చోటు

నిన్న దీపావళి. అక్క, పిల్లలు హైదరాబాద్ నుంచి వచ్చి మూడు రోజులైంది. వచ్చిన దగ్గర్నుంచీ పిల్లలది ఒకటే గోల, సముద్రంలో దిగాలని. పొద్దున సముద్రం హెచ్చరికలు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ వాళ్ల పేజీ చూశాను, వైజాగ్ తీరానికి ఎత్తైన కెరటాల హెచ్చరికేమీ లేదు. సరే పదండి అని పది దాటాక రుషికొండ తీసుకెళ్లాను.

చిన్నోడు కారు దిగీ దిగకముందే చొక్కా విప్పేశాడు. వాణ్ని పట్టుకుని, ముందు ఒక పావుగంట ఇక్కడే నిలబడి నీళ్ల వైపు చూడాలి, ఆ తర్వాతే ఏదైనా అన్నాను. ఎవరితో వెళ్లినా నేను ఇదే చేస్తాను. కెరటాలు ఎప్పుడూ ఒకేలా రావు, కాసేపు చిన్నవి వచ్చి వచ్చి ఉన్నట్టుండి పెద్దవి మూడు నాలుగు వరసగా వస్తాయి. రెండు నిమిషాలు చూసి దిగిపోయేవాళ్లకు ఆ పెద్దవి ఎదురయ్యేది నీళ్లలో ఉన్నప్పుడే.

"మావయ్యా, అక్కడ అసలు అలలే లేవు, అక్కడ దిగుదాం" అంది పెద్దది చెయ్యి చూపిస్తూ. నా గుండె ఝల్లుమంది. అటూ ఇటూ కెరటాలు తెల్లగా విరుగుతున్నాయి, మధ్యలో ఒక పది పదిహేను మీటర్ల మేర మాత్రం నీళ్లు నున్నగా, కాస్త ముదురు రంగులో ఉన్నాయి, ఇసుక కలిసిన నురగ ఆ దారినే లోపలికి పోతోంది. రిప్ కరెంట్ అంటే అదే. ఒడ్డుకు వచ్చిపడిన నీళ్లన్నీ వెనక్కి పోవడానికి ఇసుక తిన్నెల మధ్య దారి చేసుకుంటాయి, అక్కడ లోతెక్కువ కాబట్టి కెరటం విరగదు, చూసేవాళ్లకేమో బీచ్ మొత్తంలో అదే మంచి చోటులా కనిపిస్తుంది. పైగా నిన్న అమావాస్య, పోటు పెద్దది, మేం వెళ్లేసరికి అది తీస్తోంది, అప్పుడు ఆ లాగుడు ఇంకా ఎక్కువ. పక్కనే వల బాగు చేసుకుంటున్న పెద్దాయన మా మాటలు విని, "నెమ్మదిగా ఉందని దిగిపోతారు బాబూ, అదే లాగేస్తది" అన్నాడు.

అందులో చిక్కుకుంటే ఏం చేయాలో కూడా పిల్లలకు చెప్పాను. ఒడ్డు కనిపిస్తోంది కదా అని దానికి ఎదురీదకూడదు, ఎంత ఈత వచ్చినవాళ్లైనా అలాగే అలిసిపోతారు. తేలుతూ, చెయ్యి ఊపి పిలుస్తూ, ఒడ్డు వెంబడి పక్కకు ఈది ఆ పట్టీలోంచి బయటపడాలి, అప్పుడు కెరటాలే ఒడ్డు వైపు తోస్తాయి. ఇది చెబుతుండగానే ఒక కుర్రాళ్ల గుంపు సరిగ్గా అక్కడే నడుం లోతు వరకు వెళ్లిపోయింది. పరిగెత్తుకెళ్లి లైఫ్‌గార్డుకు చెప్పాను. ఆయన విజిల్ మీద విజిల్ వేస్తే విసుక్కుంటూ బయటికొచ్చారు. వాళ్లు ఒడ్డెక్కేదాకా నా కాళ్లలో వణుకు తగ్గలేదు.

చివరికి మా పిల్లల్ని చీలమండలు తడిసేంత వరకే వెళ్లనిచ్చాను. కెరటాల వల్లే కాదు, రాత్రి గట్టి వాన పడింది, నీళ్లు మట్టి రంగులో ఉన్నాయి. వాన పడిందంటే ఊళ్లో కాలువల్లో ఉన్నదంతా సముద్రంలోకే వస్తుంది. స్నానానికి పనికొచ్చే సముద్రపు నీళ్లలో మలంతో వచ్చే కోలిఫాం బ్యాక్టీరియా 100 మిల్లీలీటర్లకు 100 దాటకూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం, కానీ అది కంటికి కనిపించేది కాదు కదా. కాలిఫోర్నియాలో అయితే వాన తర్వాత 72 గంటలు దిగొద్దని చెబుతారు, నేనూ అదే లెక్క పట్టుకున్నాను. రుషికొండకు బ్లూ ఫ్లాగ్, అదే శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు, ఉంది కదా అని అక్క అడిగింది. 2020లో వచ్చిన మాట నిజమే, నాకూ సంతోషమే, కానీ ఈ రోజు ఈ గంటలో నీళ్లు ఎలా ఉన్నాయో ఆ జెండా చెప్పదు.

చిన్నోడు ఇంటికొచ్చేదాకా నాతో మాట్లాడలేదు. ఆ 72 గంటలు నిండేది మంగళవారం రాత్రికి, వాళ్ల గోదావరి ఎక్స్‌ప్రెస్ ఆ సాయంత్రమే. సంక్రాంతికి రండిరా, అప్పటికి వానలు ఆగిపోతాయి అన్నాను. పడుకునే ముందు వచ్చి, సంక్రాంతికి ఇంకా ఎన్ని రోజులని అడిగి వెళ్లాడు.