చక్కెరకేళి గెల

అమలాపురంలో నా దగ్గరికి కౌన్సెలింగ్ కోసం వచ్చేవారిలో చాలామంది తమ బాధ చెప్పుకోకముందే "మీదే ఊరండి?" అని అడుగుతారు. ఊరు చెబితే ఇంటిపేరు, ఇంటిపేరు చెబితే ఎవరి తాలూకో తేలిపోయి, రెండో వారానికల్లా నేను అక్కనో పిన్నినో అయిపోతాను. మేము చదువుకున్నది మాత్రం ఈ సంబంధం చుట్టరికమూ కాదు, స్నేహమూ కాదని.

కొన్నేళ్ల క్రితం (వివరాలు మార్చే రాస్తున్నాను) ఒక కొబ్బరి రైతు అయిదో వారం బండి వెనక చక్కెరకేళి గెల కట్టుకొని వచ్చి, "మన దొడ్లోదేనండి అక్కగారూ" అన్నారు. ఫీజు తప్ప మరేదీ పుచ్చుకోకూడదన్నది నా నియమం కనుక మర్యాదగానే వద్దన్నాననుకున్నాను. ఆయన మారుమాట లేకుండా గెలను మళ్లీ బండికెత్తి, కొబ్బరితాడు రెండు చుట్లు తిప్పి ముడివేయడం కిటికీలోంచి చూశాను. తరువాత రెండు వారాలు రాలేదు.

ఆ రెండు వారాలూ నాకు ఆయన మీద కోపం, దాని వెనకే గుమ్మంలోకి వచ్చిన చుట్టాన్ని పంపేసినంత సిగ్గు. చికిత్స చేసేవారిలో పుట్టే ఇలాంటి భావాలను 1910లో ఫ్రాయిడ్ గుర్తించి అధిగమించవలసినవిగా చూశాడు; 1950లో పౌలా హైమన్ అనే మనోవిశ్లేషకురాలు మాత్రం అవి ఎదుటివారి మనసును తెలుసుకునే సాధనమని వాదించింది. నాది హైమన్ పక్షమే. కానీ ఆ వాదాన్ని అడ్డం పెట్టుకొని మన కోపమంతా ఎదుటివారి పుణ్యమేనని సరిపెట్టుకోవడమూ సులువే. నా కోపంలో సగం నాదే.

ఆయన మళ్లీ వచ్చినప్పుడు గెల సంగతి నేనే ఎత్తాను. చాలాసేపటికి, "మా నాన్న కూడా అంతేనండి. ఏం తెచ్చినా అరుగు మీద పెట్టి పొమ్మనేవారు" అన్నారు. తండ్రి మాట రావడం అదే మొదటిసారి. ట్రాన్స్‌ఫరెన్స్ అంటే ఇదే, పాత బంధంలోని భావాలు చికిత్స చేసేవారి మీదికి మళ్లడం. అలాగని అంతా ఆ తండ్రి ఖాతాలో వేయడం అన్యాయం. నొప్పించింది నేనూ కదా, ఆ మాటే ఆయనతో అన్నాను.

చికిత్సలో పొత్తు కుదరాలంటే గమ్యం, చేయవలసిన పని, అనుబంధం మూడూ కలవాలని 1979లో మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ బోర్డిన్ రాశాడు. మాకు అనుబంధం ముందే కుదిరింది, పని ఏమిటన్నదే కుదరలేదు. ఆయన నా నోట ఊరిపెద్ద తీర్పు లాంటి మాట కోసం చూస్తుంటే నేను ప్రశ్నలు వేస్తూ కూర్చున్నాను. ఆ తేడాను పైకి మాట్లాడుకున్నది గెల గొడవ తరువాతే.

ఆ తరువాత కూడా ఆయన అక్కగారనే పిలిచేవారు, నేను దిద్దలేదు. ఒకరోజు మాత్రం లోపలికి వస్తూనే "నమస్కారం మేడమ్" అన్నారు; ఆ రోజు మాట అక్కడి నుంచే మొదలుపెట్టాం.