శివరాత్రి దాటాక పట్టుకునే నీరసం

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, మా తిరుపతిలో చలితోపాటు నా ఓపిక కూడా పోయేది. మూడేళ్ళుగా ఇదే వరస. ఫిబ్రవరి ఆఖర్లో మొదలై ఏప్రిల్ దాకా పొద్దున లేవగానే రాత్రంతా మూటలు మోసినట్టు ఒళ్ళు పట్టేసేది. నేను కొర్లగుంటలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను, మెషిన్ ఉండేది మేడ మీద రేకుల గదిలో. పెళ్ళిళ్ళు ఉండేదీ అప్పుడే కాబట్టి పని ఎక్కువ, ఎండ కొత్త, అందుకే నీరసం అనుకున్నాను. అందరూ అదే అన్నారు. కాలం మారింది కదమ్మా, నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుందని.

పోయిన మార్చిలో ఒక పెళ్ళికూతురి జాకెట్ కత్తిరిస్తూ రెండు చేతులూ ఎడమవైపుకే కోసేశాను. పట్టుచీరతో వచ్చిన ముక్క అది, అంచు ఉన్న గుడ్డ, తిప్పి వేసుకోవడానికి లేదు, అలాంటిది ఇంకో చోట దొరకదు. పదిహేనేళ్ళుగా కుడుతున్నాను, ఎప్పుడూ అలా జరగలేదు. కత్తెర అక్కడే పెట్టి నేల మీద కూర్చుండిపోయాను. ఆ అమ్మాయి వచ్చి "అక్కా, ముహూర్తం ఎల్లుండే కదా" అని ఏడుపు గొంతుతో అంటుంటే నాకు మాట రాలేదు. మిగిలిన పీలికలు అతికి, అతుకు మీద లేసు వేసి, తెల్లవారేలోగా ఇచ్చాను. డబ్బులు తీసుకోలేదు. ఇక దీన్ని ఊరికే వదలకూడదని ఆ రోజే అనుకున్నాను.

ముందు నా చేతిలో ఉన్నవి చేశాను. మెషిన్ కింద గదిలోకి దించాను, కత్తిరింపు పని తెల్లవారుజామున ఐదింటి నుంచి ఎనిమిదింటికల్లా ముగించి, మధ్యాహ్నం హుక్స్, హెమ్మింగ్ లాంటి చేతిపనే పెట్టుకున్నాను. మా అత్త పుట్టిల్లు పూతలపట్టు వైపు, ఆమె రాత్రే రాగిపిండి కలిపి పులియబెట్టి, పొద్దున అంబలి కాచి, మజ్జిగా ఉల్లిపాయా ఉప్పూ వేసి చెంబు నిండా ఇచ్చేది. "ఎండాకాలం వచ్చేసిందని ఒక్కసారిగా అన్నీ మార్చేయకూడదు, మెల్లగా మార్చుకోవాల" అనేది. ఆయుర్వేదంలో దీన్నే ఋతుసంధి అంటారట, పోయే ఋతువులో చివరి ఏడు రోజులు, వచ్చే ఋతువులో మొదటి ఏడు రోజులు, ఆ పద్నాలుగు రోజుల్లో పాత అలవాటు కొంచెం కొంచెంగా వదిలి కొత్తది పట్టుకోవాలని.

నిజం చెప్పాలంటే వీటితో మధ్యాహ్నాలు తేలికయ్యాయి. తలనొప్పి తగ్గింది. కానీ పొద్దున్నే, ఇంకా ఎండ ఎక్కకముందే, చల్లగా ఉన్నప్పుడే కాళ్ళు ఈడ్చుకుంటూ లేవడం మాత్రం పోలేదు. ఎండ వల్లయితే ఎండ లేనప్పుడు ఎందుకుండాలి? నాకు అనుమానం వచ్చింది అక్కడే. మేడ ఎక్కితే ఆయాసం, గుండె దడ. దువ్వెన నిండా జుట్టు.

నాలుగు వారాలు చూసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. కనురెప్ప కిందకి లాగి చూసి, నెలసరి ఎన్ని రోజులని అడిగి, తర్వాత "బియ్యం, మట్టి, సుద్ద లాంటివి తినాలనిపిస్తుందా?" అన్నారు. నాకు ఒక్క నిమిషం నోరు పెగల్లేదు. మెషిన్ పక్కన బొత్తాల డబ్బాలతోపాటు ఒక చిన్న స్టీలు డబ్బాలో పచ్చిబియ్యం పెట్టుకుని కుడుతూ నములుతూ ఉంటాను, రోజుకి గుప్పెడు, ఒక్కోరోజు రెండు గుప్పెళ్ళు. పచ్చిబియ్యం తింటే పెళ్ళిలో వాన పడుతుందని చిన్నప్పుడు అవ్వ తిట్టేది, అందుకని అదొక పాడలవాటు అనుకున్నానే గానీ ఒంట్లో ఇనుము తగ్గితే అలాంటి కోరిక పుడుతుందని నాకు తెలీదు.

హిమోగ్లోబిన్ 9.6 వచ్చింది, ఆడవాళ్ళకి 12 ఉండాలి. ఫెర్రిటిన్, అంటే ఒంట్లో దాచిపెట్టుకున్న ఇనుము లెక్క, 7 మాత్రమే ఉంది. 15 కన్నా తక్కువైతే నిల్వ అయిపోయినట్టేనట. థైరాయిడ్ బాగానే ఉంది. ఎండ సంగతి కూడా అబద్ధం కాదన్నారామె. కొత్త ఎండకి ఒళ్ళు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, ఆ రోజుల్లో రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట త్వరగా పడుతుంది, చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది, అంతవరకూ ఎవరికైనా నీరసమే. కానీ రెండు వారాలు దాటినా వదలకపోతే కాలం మీద వేయకూడదు, చూపించుకోవాలన్నారు. నాకు రెండు నీరసాలు కలిసిపోయి ఒకటిలా కనిపించాయన్నమాట, ఎండది కనిపించేది, రక్తానిది దాని వెనక దాక్కుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది టీ సంగతి. నీరసం పోవాలని అన్నం తిన్న వెంటనే స్ట్రాంగ్ టీ తాగేదాన్ని, రోజుకి నాలుగు. అన్నంలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడేది ఆ టీయేనట. ఇప్పుడు తిండికీ టీకీ మధ్య గంటకి పైగా వదులుతున్నాను, మునగాకు వేపుడు మీద నిమ్మకాయ పిండుకుంటున్నాను. ఇనుము మాత్ర మొదట్లో పడలేదు, కడుపులో తిప్పడం, మలబద్ధకం, నల్లగా విరేచనం చూసి భయం. మానేద్దామనుకుని ఫోన్ చేస్తే రోజు విడిచి రోజు వేసుకోమన్నారు, అలా కుదిరింది. నల్లగా అవడం మాత్ర వల్లే, కంగారు లేదన్నారు.

ఐదు వారాలకి హిమోగ్లోబిన్ 11 దాటింది. మే నెలలో గంగమ్మ జాతరకి, ఊరంతా మండిపోతుంటే, గుడి దగ్గర పొంగలి పెట్టి నిలబడగలిగాను, ముందేడు నా బదులు మా అత్త వెళ్ళింది. హిమోగ్లోబిన్ మామూలుకి వచ్చినా నిల్వ నిండాలంటే ఇంకో మూడు నెలలు మాత్ర ఆపకూడదట, వాడుతున్నాను. బియ్యం డబ్బా వైపు చెయ్యి పోవడం ఎప్పుడు ఆగిందో గుర్తులేదు, మొన్న సర్దుతుంటే అందులో పురుగు పట్టి కనిపించింది. కడిగి బాబిన్లు వేసుకున్నాను. వచ్చే శనివారం మళ్ళీ పరీక్షకి రక్తం ఇవ్వాలి.