సర్టిఫికెట్ గోడకి, పానా అటక మీద

పర్లాకిమిడి నుంచి కాశీనగర్ వైపు మాదొక చిన్న ఊరు. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా. పోయిన వేసవిలో మా వీధి బోరింగు 20 రోజులు మూలపడింది. సిగ్గుచేటు ఏంటంటే అప్పటికే ఊళ్ళో బోరింగు రిపేరు ట్రైనింగ్ అయినవాళ్ళం ఆరుగురం ఉన్నాం, నేనైతే సర్టిఫికెట్ లామినేషన్ చేయించి గోడకి తగిలించాను కూడా. మూడు రోజులు హాల్లో కూర్చోబెట్టి, తెర మీద బొమ్మలు చూపించి, కోడికూరతో భోజనం పెట్టి పంపారు. భోజనం బాగుంది, అబద్ధమెందుకు. పానా మాత్రం ఒక్కడి చేతికీ ఇవ్వలేదు.

చివరికి గుణుపురం నుంచి ఒక ముసలి మిస్త్రీని పిలిపించాం. ఆయన బోరింగు మీద చెయ్యి వెయ్యకుండా గట్టు మీద కూర్చుని, "మీరే విప్పండి, నేను చూస్తాను" అన్నాడు. మిగతా మగాళ్ళంతా పనులకి పోయారు, ఇక మిగిలింది నేనూ, మా పిన్నీ, ఆవిడ తోడికోడళ్ళూ.

మాది ఇండియా మార్క్ టూ. షోలాపూర్‌లో పుట్టిన పంపుని బాగుచేసి 1970ల్లో యూనిసెఫ్ సాయంతో తయారుచేసిన మోడల్. గట్టి సరుకే, కానీ అడుగున వాసరు అరిగిందంటే మూడేసి మీటర్ల గొట్టాలు ఒక్కొక్కటీ పైకి లాగి విప్పాల్సిందే. మార్క్ త్రీలో గొట్టం లావు, అవి కదపకుండానే పిస్టన్ పైకొచ్చేస్తుంది. మాకా అదృష్టం లేదు.

రెండో గొట్టం దగ్గర, గొట్టాలు బోర్లోకి జారకుండా పట్టి ఉంచే క్లాంపు సరిగ్గా బిగియక మొత్తం జానెడు కిందకి జారింది. అందరం కేకలు. అది బోర్లో పడితే బోరే పోయినట్టు! మిస్త్రీ మాత్రం లేవలేదు. "అమ్మా, ముందు క్లాంపు, తర్వాతే పానా" అన్నాడు. ఈ ముక్క క్లాసులో చెప్పారో లేదో, చెప్తే నేను నిద్రపోయుంటాను. ఎనిమిది గొట్టాలయ్యాక సిలిండరు వచ్చింది, లోపల వాసరు అంచు కుక్క కొరికిన చెప్పులా ఉంది. దీనికోసమా 20 రోజులు ఏటి నీళ్ళు మోశాం అని పిన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

నా గొడవల్లా ఒకటే. పని నేర్పి పనిముట్లు ఇవ్వకపోతే, వాసరుకి డబ్బులెవరు పెట్టాలో తేల్చకపోతే ఆ ట్రైనింగ్ ఎందుకు? మన పక్క గంజాం జిల్లాలోనే, 1979లో మొదలైన గ్రామ్ వికాస్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు ఊళ్ళో ప్రతి ఇల్లూ ఒప్పుకుని నిధికి డబ్బు వేస్తేనే నీళ్ళ పని మొదలెట్టేవారు, ఒక్క ఇల్లు కాదన్నా ఆగేవారు. మొండితనం అనిపిస్తుంది గానీ ఇప్పుడు అర్థమవుతోంది. మేమూ ఇంటికి నెలకి పది రూపాయలు వేసుకుని పానాలూ క్లాంపులూ కొన్నాం. రెండిళ్ళు ఎగ్గొడుతున్నాయి, ఆ తగువు ఇంకా నడుస్తోంది. సామాను పిన్ని అటక మీదుంది.

మొన్న పక్క వీధి బోరింగు చైను తెగిందని ఎవరో గుమ్మంలోకొస్తే చొక్కా తొడుక్కుని బయటికొచ్చాను. పిన్ని కోసమట. నేను పానాలు మోసుకెళ్ళాను.